రాకూడనిదాని కోసం రెండో ట్రాపు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ "ఏం చేస్తుంటారు?" అని ఎవరైనా అడిగితే, గాలిని సీసాలో బంధిస్తుంటానని చెప్పేవాణ్ణి. పెళ్ళి భోజనాల్లో ఈ మాట బాగా పనిచేసేది. పక్కవాడు ముద్ద నోట్లో పెట్టుకోవడం ఆపి నా మొహంలోకి చూసేవాడు. నిజానికి బంధించింది గాలిని కాదు, ఆవిరిని. బంధించింది నేనూ కాదు, చలి. ఆ చలి ఎంత ఉండాలో, దాన్ని ఎక్కడినుంచి తేవాలో చూసుకోవడం వరకే నా పని.

జంషెడ్‌పూర్‌లో ఒక పరిశోధనశాలలో టెక్నికల్ ఆఫీసరుగా రిటైరయ్యాను. ల్యాబంతా నన్ను 'మైనస్ రావు' అని పిలిచేది. ల్యాబంతా అంటే ఇద్దరు. వాళ్ళలో ఒకడికి ఆ పేరు నేనే చెప్పి అలవాటు చేశాను. నాకు ప్రతిదాన్నీ కాస్త పెంచి చెప్పే గుణం ఉంది. పెంచిన చోటికి వెనక్కి వచ్చి తగ్గించే గుణం కూడా ఉంది కాబట్టి, ప్రతి పేరా చివరిదాకా ఓపిక పట్టండి.

ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గోల, ఫైళ్ళ గోల రాయను. అవి చేరిన నెలలోనే మీకు ఒంటబడతాయి. రాయాలనుకున్నది ఒక కోల్డ్ ట్రాపు గురించి, దానికి ఏ చలి పెట్టాలన్న తగువు గురించి, ఆ తగువులో ఉద్యోగం పోగొట్టుకునే దాకా వెళ్ళిన ఒక అమ్మాయి గురించి.

పొర, పంపు, ట్రాపు

ఆ అమ్మాయి పేరు గ్రేస్. గోల్‌మురిలో పుట్టి పెరిగింది, మా ఊళ్ళోనే. వాళ్ళ తాతగారు భీమిలి వైపు నుంచి ఇక్కడికి బడిపంతులుగా వచ్చాడు, తండ్రీ పంతులే. మా నాన్న గోల్‌మురి రేకుల కార్ఖానాకి సైకిలు తొక్కినవాడు. అందుకని ఆ పిల్లని చూడగానే మా వీధి పిల్లలా అనిపించింది. నేను తెలుగులో ఏదైనా అడిగితే హిందీలో జవాబిచ్చేది. తెలుగు రాక కాదు, నోరు తిరగదేమోనని సిగ్గు.

చదువు పూర్తిచేసి మా ల్యాబులో కాంట్రాక్టు మీద చేరింది. ఆమెకిచ్చిన పని ఇది. ఆదిత్యపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో యంత్రాల విడిభాగాలని స్పిరిట్‌తో కడుగుతారు. ఇంజెక్షన్ ఇచ్చే ముందు దూదితో చేతికి రాస్తారే, అలాంటి వాసన. కడగ్గా కడగ్గా అందులోకి నీళ్ళు చేరతాయి. నీళ్ళు చేరిన స్పిరిట్ కడగడానికి పనికిరాదు. మరిగించి విడదీద్దామంటే కొంతదూరం వచ్చాక రెండూ చేతులు పట్టుకుని కలిసే ఆవిరైపోతాయి. అందుకే మెంబ్రేన్. పాల మీద మీగడంత పల్చటి పొర. ఒకవైపు మురికి స్పిరిట్‌ని వెచ్చగా ఉంచి, రెండోవైపు వాక్యూమ్ పంపుతో లాగితే, నీళ్ళు పొరలోకి ఇంకి అవతలివైపు ఆవిరిగా తేలతాయి. స్పిరిట్ ఇవతలే ఉండిపోతుంది. ఉండిపోవాలని గ్రేస్ ఆశ.

అవతల తేలిన ఆవిరిని పంపు మింగేయకముందే పట్టుకోవాలి. అందుకే మధ్యలో ట్రాపు. అదేమీ పెద్ద యంత్రం కాదు. ఒక లావు గాజు గొట్టం, దాని లోపల ఇంకో సన్న గొట్టం. రెండూ కలిపి ఒక వెడల్పు మూతి థర్మాస్‌లో మునిగి ఉంటాయి. థర్మాస్‌లో చలి పోస్తాం. ఆవిరి వచ్చి చల్లటి గాజుకి తగిలి గడ్డకడుతుంది. తర్వాత ట్రాపు విప్పి, కరిగించి, తూచి, అందులో నీళ్ళెంత, స్పిరిట్ ఎంత అని చూస్తే పొర గుణం తెలుస్తుంది. పొర తరఫున సాక్ష్యం చెప్పేది ట్రాపు ఒక్కటే.

పొర మంచిదని తేలితే ఫ్యాక్టరీ పెద్ద యూనిట్ పెట్టించుకుంటుంది, ప్రాజెక్టు నడుస్తుంది, గ్రేస్ ఉంటుంది. లేకపోతే ప్రాజెక్టు మూసేస్తారు, గ్రేస్ వెళ్ళిపోతుంది. ఆ పొర ఆమె సొంత చేతులతో గాజుపలక మీద పోసి, ఆరబెట్టి, ఓవెన్‌లో పెట్టి, చెడగొట్టుకుని మళ్ళీ పోసి, ఏళ్ళ తరబడి సాధించింది.

ఏ చలి పెడదాం?

మా బాస్ డాక్టర్ మజుందార్. మంచి మనిషి. తెలివైనవాడు. ఆయనకున్న ఒకే ఒక బలహీనత పొగ.

"రావ్ బాబూ, లిక్విడ్ నైట్రోజన్ మంగాయియే," అన్నాడు మొదటి మీటింగులోనే. "ధువా నికల్‌నా చాహియే. ధువా దేఖ్‌తే హీ పార్టీ మాన్ జాతీ హై."

లిక్విడ్ నైట్రోజన్ పోస్తే థర్మాస్ మూతి నుంచి తెల్లటి పొగ దుప్పటిలా జారి నేలమీద పాకుతుంది. అది చూడగానే ఫ్యాక్టరీ వాళ్ళు ఒప్పేసుకుంటారని ఆయన నమ్మకం. మా ఊళ్ళో అది దొరకడం కూడా కష్టం కాదు. ఉక్కు ఉన్నచోట ఆక్సిజన్ ప్లాంటు ఉంటుంది, ఆక్సిజన్ ప్లాంటు ఉన్నచోట నైట్రోజన్ ఉంటుంది.

నేను వద్దన్నాను. దీనికో కథ ఉంది. ఈ కథని కాంటీన్‌లో చాలాసార్లు చెప్పాను. ఒకసారి చెప్పినప్పుడు కిటికీ అద్దాలు పగిలాయి, ఇంకోసారి పైకప్పు రేకు లేచి ఖర్‌కాయీ నదిలో పడింది. ఇప్పుడు జరిగిందే రాస్తాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ట్రాపుని లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి, పంపు ఆపి, ఒక వాల్వు తెరిచే ఉంచి భోజనానికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి ట్రాపు అడుగున లేత నీలం రంగు నీళ్ళలాంటిది ఉంది. చాలా అందంగా ఉంది. అప్పటి మా బాస్ దాన్ని చూసి గొంతు తగ్గించి, "ఎవరూ ఏదీ ముట్టుకోకండి, బయటికి నడవండి," అన్నాడు. మైనస్ నూట తొంభై ఆరు దగ్గర గాలిలోని ఆక్సిజన్ కూడా ద్రవంగా దిగిపోతుంది. ఆ నీలం అదే. దాని పక్కన స్పిరిట్ లాంటిది ఉందంటే అది బాంబు. వాల్వు తెరిచి ఉంది కాబట్టి ఏ పీడనమూ పెరగలేదు. నైట్రోజన్ తనంతట తను మరిగిపోయింది, నీలం కూడా ఎగిరిపోయింది. పగిలింది ఏదీ లేదు. కానీ ఆ గొంతు తగ్గించడం నాకింకా వినిపిస్తుంది. మీరు ట్రాపులో నీలం చూస్తే నా రేకు కథ కాకుండా ఆ బాస్ గొంతు గుర్తుతెచ్చుకోండి.

పైగా అంత చలి మాకు దండగ. ఆవిరి లోపలికి రాకముందే గొట్టం మూతి దగ్గరే గడ్డకట్టి దారి మూసేస్తుంది. లోపలికి పోయిందంటే పొడి మంచులా తేలుతూ పంపులోకి ఎగిరిపోతుంది. చలి ఎక్కువైతే ఎక్కువ పట్టుకుంటుందనుకోవడం కొత్తవాళ్ళు చేసే పొరపాటు, పాత బాసులు కూడా చేస్తారు.

మిగిలినవి రెండు. డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. దాన్ని స్పిరిట్‌లో వేస్తే మైనస్ డెబ్బై ఎనిమిది దగ్గర నిలబడుతుంది. అది మా ఊళ్ళో అమ్మేవాళ్ళు లేరు. కలకత్తా నుంచి తెప్పిస్తే పెట్టె తెరిచేసరికి సగం మాయమై ఉంటుంది. రెండోది మామూలు ఐసు, గళ్ళుప్పు. మైనస్ పదిహేను దాకా పోతుంది. కద్మా మార్కెట్లో చేపలవాడి దగ్గర ఊకలో కప్పిన దిమ్మ దొరుకుతుంది, గోనెసంచిలో వేసి సుత్తితో కొట్టుకోవడమే.

"ఐసూ ఉప్పూ చాలండి," అన్నాను. "మనం పట్టుకునేది నీళ్ళే కదా."

ఆ మాట చాలా ధీమాగా అన్నాను. మజుందార్ గారు పొగ పోయిందని కాస్త దిగులుపడి, తర్వాత తలూపాడు. గ్రేస్ కూడా తలూపింది. ముగ్గురం అనుభవం, పదవి, చదువు ఉన్నవాళ్ళం. ముగ్గురం కలిసి ఒకే తప్పు చేశాం. అదేమిటో మీకిప్పుడే తెలిస్తే మీరు మాకంటే నయం.

తెల్లటి మంచు

ఫలితం అద్భుతంగా వచ్చింది. ట్రాపు విప్పితే లోపల తెల్లటి మంచు, కరిగిస్తే దాదాపు వట్టి నీళ్ళు. మా ల్యాబులో ఒక అలవాటుంది. యంత్రం లెక్క రాకముందే, ట్రాపు మూతి మీద చేత్తో విసురుకుంటూ అందరూ ఒకసారి వాసన చూస్తారు. పుస్తకంలో లేని పరీక్ష, ఎవరూ మానరు. నేను చూశాను, గ్రేస్ చూసింది, మజుందార్ గారు కళ్ళజోడు తీసేసి మరీ చూశాడు. స్పిరిట్ వాసన ఉండీ లేనట్టుంది.

"వాహ్!" అన్నాడాయన. "ఝిల్లీ నహీ, జాదూ హై!" పొర కాదట, మాయట. ఆ సాయంత్రం అందరికీ రసగుల్లాలు. ఫ్యాక్టరీకి కబురు వెళ్ళింది. వాళ్ళ ఇంజనీరు చూడ్డానికి వస్తానన్నాడు.

రసగుల్లాలు తిన్న వారంలోనే గ్రేస్ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"అంకుల్, హిసాబ్ నహీ మిల్ రహా."

"ఏ ఇసాబమ్మా?"

"వజన్ కా." పొరకి ఇవతల ఉన్న స్పిరిట్ బరువు ఎంత తగ్గిందో, ట్రాపులో అంత చేరడంలేదు. ప్రతిసారీ తరుగు ఉంది.

"ఆవిరైపోయుంటాదిలే. మూత సరిగ్గా ఎట్టినావేటి?"

"ఎట్టినాను," అంది గ్రేస్ నా యాసని వెక్కిరిస్తూ. మళ్ళీ హిందీలోకి దిగిపోయింది. "తీన్ బార్ చెక్ కియా అంకుల్. మూత కాదు."

"అయితే తక్కెడకి ఒంట్లో బాగోనేదు," అన్నాను. తక్కెడని దిద్దించాం. తరుగు అలాగే ఉంది.

ఆ తర్వాత జరిగిందాన్ని నేను ఇలా చెబుతుంటాను: ఒకరోజు నేను వరండాలో నడుస్తుంటే, మూసి ఉన్న తలుపు అవతల నుంచి వచ్చిన చిన్న వాసనని పసిగట్టి, నేరుగా వెళ్ళి పంపు ముందు నిలబడి, "దొంగ దొరికాడు!" అన్నాను.

ఆ రోజు నాకు జలుబు. కాఫీకీ ఫినాయిలుకీ తేడా తెలియదు. పంపు పక్కన కూర్చున్న గ్రేస్ తల తిప్పి, "అంకుల్, యే పంప్ హాస్పిటల్ జైసా క్యోఁ మహక్‌తా హై?" అని అడిగింది, ఈ పంపు ఆసుపత్రిలా వాసనేస్తోందేమిటని. ఆ మాట విన్నాక నేను మొహం పంపు మూతి దగ్గర పెట్టి, ఏమీ తెలియకపోయినా, "అవునవును," అన్నాను. తర్వాత ఆయిలు తీసి చూశాం. ఆయిలు పల్చబడి, తెల్లగా మసకేసి ఉంది. జలుబుకి కూడా అందేటంత స్పిరిట్ వాసన.

అప్పుడు అర్థమైంది. పొరలోంచి నీళ్ళతోపాటు స్పిరిట్ కూడా వస్తోంది. మైనస్ పదిహేను దగ్గర నీళ్ళు గడ్డకట్టి ట్రాపులో ఆగిపోతున్నాయి. పంపు లాగే ఆ తక్కువ పీడనంలో స్పిరిట్‌కి మైనస్ పదిహేను ఒక చలే కాదు. ఆగకుండా ట్రాపు దాటి, పంపు దాటి, కిటికీలోంచి వెళ్ళిపోతోంది. ట్రాపులో మిగిలినవి నీళ్ళు. ఆ నీళ్ళు చూసి మేం పొర గొప్పదన్నాం.

పొర నీళ్ళనే పంపుతుందని ముందే నమ్మేసి, నీళ్ళకి సరిపోయే చలి పెట్టాం. స్పిరిట్ వస్తోందా లేదా అన్నదే మేం తేల్చాల్సిన సంగతి. స్పిరిట్‌ని పట్టలేని ట్రాపు పెట్టుకుని, స్పిరిట్ రాలేదని రసగుల్లాలు తిన్నాం. చలి ఎంచుకునేటప్పుడు మీరు తలుచుకోవాల్సింది రావాలని మీరు కోరుకునేదాన్ని కాదు, వస్తే మీ కొంప ముంచేదాన్ని. నేనీ ఉద్యోగంలో నేర్చుకున్నది ఇంకా చాలా ఉందని చెబుదామనుకున్నాను గానీ, లెక్కేస్తే ఇదొక్కటే.

రగ్గు సంచి

స్పిరిట్‌ని కూడా పట్టాలంటే డ్రై ఐస్ కావాలి. ఫ్యాక్టరీ ఇంజనీరు రావడానికి వారం కూడా లేదు, కలకత్తా మాట వదులుకోవాల్సిందే. నేను ఇంటికెళ్ళి బీరువా పైనున్న పాత ఉన్ని రగ్గు దించాను.

"ఏటండీ, ఆ రగ్గు ఎక్కడికి?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"లేబుకి."

"లేబులో సలేత్తందేటి? మే నెల్లోనా?"

"సలి సాలకే తీసుకెల్తన్నాను. దీన్ని సంచిలా కుట్టీయాలి నువ్వు."

"రగ్గుని సంచి సేత్తారా ఎవులైనా? మీ ఆఫీసోలకి సంచుల్లేవేటి?"

"గాలి బయటికి పోవాల, మంచు లోపలుండిపోవాల. అలాంటి సంచి ఏ ఆఫీసులోనూ నేదు."

ఆవిడ నన్ను కాసేపు చూసి, నా ఒంటికి ఏమీ కాలేదని నిర్ధారించుకుని, మిషను మీద కూర్చుంది. "మూతికి నాడా ఎట్టాలేటి?" అని అడిగింది. నాడా రెండు వరసలు పెట్టమన్నాను.

పని ఇలా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌ని మూతి కిందికి వచ్చేలా వాల్చి కట్టాలి. అప్పుడు ద్రవమే బయటికొస్తుంది. దాని మూతికి రగ్గు సంచి నాడాతో బిగించి వాల్వు ఒక్కసారిగా తెరవాలి. రైలింజను ఆవిరి వదిలినట్టు అరుస్తుంది. సంచి ఉబ్బి, కొయ్యలా బిగుసుకుపోతుంది. గ్యాసు ఉన్నిలోంచి బయటికి పోతుంది, చలికి గడ్డకట్టింది లోపల పొడిలా నిలబడుతుంది. చేతులకి మందపాటి తొడుగులు ఉండాలి, కిటికీలన్నీ తెరిచి ఉండాలి, లేకపోతే ఆ గ్యాసు గదిలో గాలిని తోసేసి మిమ్మల్ని నిద్రపుచ్చుతుంది. మేం బయట షెడ్డు కింద చేశాం. మొదటిసారే బస్తాడు డ్రై ఐస్ దిగింది.

బస్తా కాదు, ఒక గిన్నెడు. పోసిన గ్యాసులో చాలా భాగం ఊరిమీదికి పోయింది. కానీ గిన్నెడు చాలు. థర్మాస్‌లో స్పిరిట్ పోసి, ఆ పొడిని చెంచా చెంచాగా వేశాం. ఒకేసారి కుమ్మరిస్తే పాలు పొంగినట్టు పొంగి చేతిమీద పడుతుంది. పొంగడం ఆగి, మెల్లగా బుడగలు వస్తుంటే చలి అందినట్టు లెక్క.

ఆ మధ్యాహ్నం ట్రాపు విప్పాం. మంచుతోపాటు అడుగున తేటగా ద్రవం ఉంది. గ్రేస్ చేత్తో విసురుకోలేదు. విసురుకోవాల్సిన పని లేకపోయింది. గదంతా దూది వాసన. తూచింది. ఈసారి బరువు సరిపోయింది. తరుగు లేదు.

లెక్క కుదిరినందుకు సంతోషించాలో, ఏడవాలో తెలియని మొహంతో అక్కడే స్టూలు మీద కూర్చుంది. పొర చెడ్డది కాదు. మేం ఫ్యాక్టరీకి చెప్పినంత మంచిది మాత్రం కాదు, దరిదాపుల్లో లేదు.

"దూస్‌రా హమారీ గల్తీ"

మజుందార్ గారికి చెప్పాం. ఆయన చాలాసేపు పేపరు మీద పెన్ను దొర్లించాడు.

"పార్టీ పరసోఁ ఆ రహీ హై," అన్నాడు చివరికి. ఎల్లుండే ఫ్యాక్టరీ వాళ్ళు రావడం. "బరఫ్ మే హీ దిఖా దేతే హై. ఝూఠ్ తో నహీ హై. ట్రాప్ మే జో ఆయా, వహీ దిఖాయేంగే." ఐసు పెట్టే చూపిద్దాం, అబద్ధమైతే కాదు, ట్రాపులోకి వచ్చిందే చూపిస్తామని.

"సర్, జో నహీ ఆయా, వహీ తో ప్రాబ్లమ్ హై," అంది గ్రేస్, ట్రాపులోకి రానిదే అసలు చిక్కని.

"ప్రాజెక్టు బంద్ హోగా తో తుమ్ కహాఁ జాఓగీ?" ప్రాజెక్టు మూసేస్తే నువ్వెక్కడికి పోతావని.

ఆ ప్రశ్న బెదిరింపులా వినిపిస్తుంది రాస్తే. గదిలో వినిపించింది అలా కాదు. ఆయనకి నిజంగానే ఆ పిల్లని నిలబెట్టాలని ఉంది. చెడ్డ సలహాలు ఇచ్చేది చెడ్డవాళ్ళేనని మీరనుకుంటే ల్యాబులో చాలా దెబ్బతింటారు. చాలా చెడ్డ సలహాలు నాకు మంచివాళ్ళే ఇచ్చారు. నేనూ ఇచ్చాను. బయటికొచ్చాక స్కూటర్ల షెడ్డు దగ్గర ఆమెతో అన్నాను:

"సారు సెప్పినట్టు సేసీమ్మా. ఉజ్జోగం ఉంటే పొర మళ్ళీ సేసుకోవచ్చు. ఎవులడుగుతారు?"

గ్రేస్ హెల్మెట్ పట్టుకుని నిలబడింది. "అంకుల్, వాళ్ళు పెద్ద యూనిట్ పెడతారు. బడా పంప్ లగేగా. వో పూరా స్పిరిట్ పంప్ సే నికల్‌కే షెడ్ మే భర్ జాయేగా. అక్కడ వెల్డింగ్ చేస్తారు."

పెద్ద పంపు వదిలే స్పిరిటంతా ఆ షెడ్డులో నిండిపోతుందట. నేను ఆ ఫ్యాక్టరీకి వెళ్ళినవాణ్ణే. వెల్డింగు రవ్వలు చూసినవాణ్ణే. అది నాకు తట్టలేదు.

ఎల్లుండి వచ్చింది. ఇంజనీరు మిశ్రా గారు, మాట తక్కువ, మీసం ఎక్కువ. బల్ల మీద గ్రేస్ ఒకటి బదులు రెండు ట్రాపులు వరసగా కట్టి ఉంచింది. మొదటిది ఐసూ ఉప్పులో. దాని తర్వాతది డ్రై ఐస్‌లో, మా ఆవిడ రగ్గు సంచి పుణ్యమా అని. మజుందార్ గారు లోపలికి వస్తూనే రెండోదాన్ని చూశాడు. చూసి, పైకప్పు ఫ్యానుని చూడ్డం మొదలుపెట్టాడు.

"యే దూస్‌రా కిస్ లియే?" అడిగాడు మిశ్రా గారు, ఈ రెండోది ఎందుకని.

"సర్, పహలావాలా పానీ పకడ్‌తా హై," అంది గ్రేస్. "దూస్‌రా హమారీ గల్తీ పకడ్‌తా హై."

మొదటిది నీళ్ళని పడుతుంది, రెండోది మా తప్పుని పడుతుంది. ఆమె మొదట పంపిన ఫలితం ఎందుకు తప్పో, పెద్ద పంపు పెడితే ఏమౌతుందో, దాచకుండా చెప్పింది. మిశ్రా గారు విన్నాడు. పంపు ఆపించి, రెండో ట్రాపు విప్పించి, తనే ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకి. స్పిరిట్ వల్ల.

"జబ్ యే ఖాలీ హోగా, తబ్ బులాయియే," ఇది ఖాళీగా ఉన్నప్పుడు పిలవండి, అని వెళ్ళిపోయాడు.

మజుందార్ గారు వారం రోజులు మాతో పొడిపొడిగా ఉన్నాడు. కానీ ఆ వారంలోనే పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వానాకాలం అయ్యేదాకా ప్రాజెక్టు పొడిగించుకొచ్చాడు. ఏం చెప్పి తెచ్చాడో మాకు చెప్పలేదు. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా ఆ పొగ పిచ్చితోపాటు ఇది కూడా రాయాలి.

ఉందా, లేదా?

వానాకాలమంతా గ్రేస్ పొరలు పోసింది. ఓవెన్ వేడి మార్చింది, ఆరబెట్టే తీరు మార్చింది, పొరని గట్టిపరిచే మందు పాళ్ళు మార్చింది. ముసురు పట్టినప్పుడు పొర సరిగ్గా ఆరక బుడగలొచ్చేవి. నేను ఐసు కొట్టాను, రగ్గు సంచి దులిపాను. ప్రతిసారీ రెండో ట్రాపు విప్పి వరసగా వాసన చూసేవాళ్ళం. మొదట్లో ముక్కు మండేది. తర్వాత చురుక్కుమనేది. ఆ తర్వాత, ట్రాపు అడుగున ఒక తడి మరక మాత్రం మిగిలేది. ఆ మరక ఖాళీ కిందికి వస్తుందా రాదా అన్నది చెప్పడం కష్టం.

దుర్గాపూజ పందిళ్ళు లేస్తున్నప్పుడు గడువు ముగిసింది. మిశ్రా గారు వచ్చాడు. ట్రాపు విప్పే ముందు మజుందార్ గారు నన్ను పక్కకి పిలిచి, చాలా శ్రద్ధగా అడిగాడు: "రావ్ బాబూ, ఆప్‌కో జుకామ్ హై న?"

నాకు జలుబు లేదు. ఉంటే బాగుండునని ఆయన ఉద్దేశం.

గ్రేస్ ట్రాపు విప్పింది. అడుగున తడి. మిశ్రా గారు దాన్ని తీసుకుని, తను చూడకుండా, గదిలో అందరికంటే పెద్దవాణ్ణని కాబోలు నాకిచ్చాడు.

"రావ్ జీ, ఆప్ బోలియే. హై కి నహీ?" మీరే చెప్పండి, వాసన ఉందా లేదా అని.

యంత్రం లెక్క సాయంత్రానికి గానీ రాదు. ఆయన సాయంత్రం దాకా ఉండడు. మజుందార్ గారు ఫ్యాను చూస్తున్నాడు. గ్రేస్ నన్ను చూడ్డంలేదు, ట్రాపుని చూస్తోంది. పైకప్పు రేకుని నదిలో పడేసినవాణ్ణి, గిన్నెని బస్తా చేసినవాణ్ణి, నాకు 'నహీ' అనడం ఎంతసేపు? ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చేత్తో విసురుకున్నాను. ఇంకోసారి విసురుకున్నాను.

"హై," అన్నాను. "థోడా." ఉంది, కొంచెం.

గ్రేస్ కళ్ళు మూసుకుంది.

మిశ్రా గారు ట్రాపు తీసుకుని తనూ చూశాడు. మీసం కింద ఏం జరిగిందో తెలియలేదు. గ్రేస్ వైపు తిరిగి, "బడే యూనిట్ మే యే దూస్‌రావాలా రహేగా?" అని అడిగాడు. పెద్ద యూనిట్‌లో కూడా ఈ రెండోది ఉంటుందా అని.

"రహేగా సర్. బడా వాలా. పంప్ సే పహలే." ఉంటుంది, పెద్దది, పంపుకి ముందే.

"తో లగాయియే," అన్నాడు, అయితే పెట్టండని.

అంతే. మజుందార్ గారు రసగుల్లాలు తెప్పిస్తానంటే, సాయంత్రం యంత్రం లెక్క వచ్చాక తిందామంది గ్రేస్. లెక్క కూడా 'థోడా' అనే చెప్పింది. అప్పుడు తిన్నాం. నేను ఎన్ని తిన్నానో చెప్పను, చెబితే పెంచుతాను.

నేను రిటైరైన తర్వాత ఆదిత్యపూర్‌లో ఆ యూనిట్ మొదలైంది. గ్రేస్ అక్కడే ఎక్కువ రోజులు ఉంటోంది. మొన్న ఫోన్ చేసింది. వెనక పంపు మోగుతోంది. ఉత్సాహంలో సిగ్గు మర్చిపోయినట్టుంది, తెలుగులోనే అరిచింది:

"అంకుల్! రెండో దాంట్లో ఏటీ నేదు!"

"వాసన సూసినావా?"



"...నహీ."

"సూసి సెప్పు."

ఫోన్ ఎక్కడో ఇనుప బల్ల మీద పెట్టిన చప్పుడు. పంపు ఆపారు. ఎవరో ఏదో విప్పుతున్నారు. మా ఆవిడ వంటింట్లోంచి, "ఎవులండీ ఫోను, మాటాడరేటి?" అంది. చెయ్యెత్తి ఆగమన్నాను.

అడుగులు దగ్గరికొచ్చాయి.

"హై అంకుల్," అంది గ్రేస్. "థోడా."